సుస్థిరత కథలో కర్త ఎవరు?

కథలనూ నవలలనూ చదివే పద్ధతిలోనే బహుళజాతి కంపెనీల సుస్థిరత నివేదికలను ఎందుకు చదవకూడదు? కొంతకాలంగా ఈ ప్రశ్న నన్ను వదలడం లేదు. ఏ రచన చేతికొచ్చినా ఎవరు చెబుతున్నారు, ఎవరికి చెబుతున్నారు, ఎవరిని మాట్లాడనిస్తున్నారు, ఎవరిని బొమ్మగా నిలబెడుతున్నారు అని అడగటం సాహిత్య విద్యార్థులమైన మనకు అలవాటు. స్త్రీవాద విమర్శ మనకు నేర్పిన మొదటి పాఠమే అది. ఆ పాఠాన్ని కథలకూ కవితలకూ పరిమితం చేసి, మన ఊళ్ళ నీళ్ళనూ నేలనూ శ్రమనూ గురించి ఏటేటా అచ్చయ్యే మరో రకం రచనలను వ్యాపార శాస్త్రం వాళ్ళకు వదిలేశాం. ఆ నివేదికలకు కూడా కథనం ఉంది, నాయకుడున్నాడు, ఒక కష్టం ఉంది, చివర సుఖాంతం ఉంది. తరచుగా ముఖచిత్రం మీద ఒక స్త్రీ కూడా ఉంటుంది. తలమీద గంప, ముఖాన నవ్వు, వెనక పచ్చటి తోట.

నేను వీటిని చదవడానికి కారణం మామిడి. చిత్తూరు, తిరుపతి ప్రాంతంలో పుట్టి పెరిగినవాళ్ళకు వేసవి అంటే కాయ కోతల కాలం. ఏడాది అప్పులు తీరేదీ, తీరనిదీ తేలేది అప్పుడే. మా వైపు తోతాపురిని బెంగుళూరా అంటారు. చిలక ముక్కులా కొన తేలిన ఈ కాయకు బేనీషా రుచి లేదు. ఖాదరు, మల్గోవా, ఇమాంపసందుల పక్కన దానికి మర్యాద తక్కువ. కానీ గుజ్జుకు అదే కావాలి. మన దేశంలో మామిడి గుజ్జు పరిశ్రమకు రెండు ప్రధాన కేంద్రాలున్నాయి. ఒకటి చిత్తూరు, రెండోది పొరుగున తమిళనాడులోని కృష్ణగిరి. మే నెలాఖరు నుంచి ఆగస్టు దాకా తోపుల నుంచి ర్యాంపులకు, ర్యాంపుల నుంచి ఫ్యాక్టరీలకు ట్రాక్టర్లు కాయ తోలుతూనే ఉంటాయి. అక్కడ కాయను మాగేసి, కడిగి, కోసి, టెంక తీసి, గుజ్జును వేడిచేసి, గాలి చొరని సంచుల్లో నింపి, ఒక్కొక్కటి 200 కిలోలకు పైగా పట్టే పీపాల్లో పెడతారు. ఆ పీపాలు సౌదీ అరేబియాకు వెళ్తాయి, నెదర్లాండ్స్‌కు వెళ్తాయి. మిగిలినవి మన దేశంలోనే సీసాల్లోకి చేరతాయి. స్లైస్ పెప్సీకోది. 1976లో ఇక్కడే పుట్టిన మాజా 1993లో థమ్సప్, లిమ్కాలతో పాటు పార్లే నుంచి కోకాకోలా చేతికి వచ్చింది.

ఈ దారినంతటినీ కలిపి ఇప్పుడు సరఫరా గొలుసు అంటున్నారు. దాన్ని పర్యావరణానికి హాని లేకుండా నడిపే బాధ్యత ఆ గొలుసు కొసన ఉన్న పెద్ద కంపెనీలదే అన్న అభిప్రాయం ప్రపంచమంతటా బలపడింది. నాకూ అందులో అభ్యంతరం లేదు. చిత్తూరు రైతుకు లేని బలం ఆ కంపెనీలకు ఉంది. ఏ కాయ కొనాలో, ఎలా పండించాలో, ఏ మందు కొట్టకూడదో వాళ్ళు చెబితే గొలుసు పొడుగునా అది అమలవుతుంది. నా ప్రశ్న వేరు. ఈ బాధ్యతను కంపెనీలు ఏ భాషలో రాసుకుంటున్నాయి? ఆ రాతలో లెక్కకు వచ్చేది ఏమిటి, రానిది ఏమిటి? లెక్కకు రానిదాంట్లో స్త్రీల వాటా ఎంత?

పోరాటం రాయించిన వాచకం

ముందుగా ఈ నివేదికల పుట్టుక గురించి ఒక మాట. నీటి గురించి కంపెనీలకు తమంతట తామే జ్ఞానోదయం అయినట్టు ఇవి రాస్తాయి. చరిత్ర మరోలా ఉంది. కేరళలోని పాలక్కాడ్ జిల్లా ప్లాచిమడలో 2000లో కోకాకోలా ఫ్యాక్టరీ మొదలైంది. చుట్టుపక్కల బావుల్లో నీళ్ళు తగ్గి, ఉన్నవి తాగడానికి పనికిరాకుండా పోయాయి. 2002 ఏప్రిల్ 22న ఆదివాసులు ఫ్యాక్టరీ ముందు దీక్షకు కూర్చున్నారు. ఆ పోరాటానికి ముఖమైన మనిషి మయిలమ్మ. ఎరవాలర్ తెగ స్త్రీ, కూలి చేసుకుని బతికే మనిషి. నీళ్ళు మోసే చేతికే నీళ్ళు చెడిపోయిన సంగతి ముందు తెలుస్తుంది. కూడు ఉడకడం లేదని, పప్పు మెత్తబడటం లేదని, ఒళ్ళు దురదలు పెడుతోందని స్త్రీలు చెప్పిన మాటలే ఆ ఉద్యమానికి మొదటి సాక్ష్యాలు. 2004 మార్చిలో ఫ్యాక్టరీ మూతపడింది. మయిలమ్మ 2007 జనవరిలో మరణించింది. నష్టం 216 కోట్ల రూపాయలకు పైనేనని రాష్ట్ర ప్రభుత్వం వేసిన ఉన్నతాధికార సంఘం 2010లో అంచనా కట్టింది. పరిహారం కోసం ట్రిబ్యునల్ ఏర్పాటు చేస్తూ కేరళ శాసనసభ 2011లో ఆమోదించిన బిల్లుకు రాష్ట్రపతి ఆమోదం రాలేదు.

ఇక రెండో వరుస తేదీలు చూడండి. తమ పానీయాల్లోనూ తయారీలోనూ వాడిన నీటికి సమానమైన నీటిని ప్రజలకూ ప్రకృతికీ తిరిగి ఇస్తామని కోకాకోలా 2007 జూన్‌లో ప్రకటించింది. పెప్సీకో ఇండియా 2009లోనే తాను వాడిన దానికన్నా ఎక్కువ నీటిని తిరిగి ఇస్తున్నానని చెప్పుకుంది. కోకాకోలా 2015 నాటికే తన లక్ష్యాన్ని, గడువుకు 5 ఏళ్ళు ముందుగా, చేరుకున్నానని ప్రకటించింది. ఈ రెండు వరుసల్నీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు అర్థమయ్యేది ఒకటే. నీటి గురించిన ఈ కొత్త వాచకాన్ని కంపెనీల చేత రాయించిన వాళ్ళలో ప్లాచిమడ స్త్రీలు ముందున్నారు. అచ్చయిన ప్రతిలో వాళ్ళ పేర్లు లేవు. రాయించిన వాళ్ళ పేరు పోయి, రాసినవాళ్ళ పేరు మిగలడం మనకు కొత్త కాదు. జానపద సాహిత్యం సేకరించిన చరిత్రంతా ఇలాంటి అదృశ్యాల చరిత్రే.

కర్త, కర్మ, విశేషణం

మా ప్రాంతానికి వస్తాను. 2011లో కోకాకోలా, జైన్ ఇరిగేషన్ కలిసి చిత్తూరు జిల్లాలో ఉన్నతి అనే మామిడి ప్రాజెక్టును మొదలుపెట్టాయి. దాని గుండెకాయ అతి సాంద్ర పద్ధతి. పాత పద్ధతిలో చెట్టుకూ చెట్టుకూ పది మీటర్ల ఎడం ఉంచి ఎకరానికి 40 మొక్కలు నాటేవారు. కొత్త పద్ధతిలో వరుసల మధ్య మూడు మీటర్లు, మొక్కల మధ్య రెండు మీటర్లు. ఎకరానికి 674 మొక్కలు. డ్రిప్పు ద్వారా నీళ్ళు, నీళ్ళతోనే ఎరువు, ఏటా కొమ్మ కత్తిరింపు. పాత తోపు కాపుకు రావడానికి ఏడెనిమిదేళ్ళు పడితే, ఇది మూడు నాలుగేళ్ళకే కాపుకు వస్తుంది.

ఇందులో మంచి లేదని నేను అనను. కాలవ పారించి తడి పెట్టే తోటతో పోలిస్తే డ్రిప్పు నీటిని ఆదా చేస్తుంది. నడిరేయి కరెంటు వచ్చినప్పుడు లేచి మడవ కట్టే పని తగ్గుతుంది. చెట్టు పొట్టిగా ఉంటుంది గనక నేలమీద నిలబడే కాయ కోయవచ్చు. మావైపు చెట్టెక్కి చిక్కంతో కోసే పని మగవాళ్ళది, కూలి ఎక్కువ. కింద ఏరి, గంపలకెత్తే పని ఆడవాళ్ళది, కూలి తక్కువ. చెట్టు పొట్టిదైతే కోత పని స్త్రీలకూ అందుతుంది. అయితే అది స్త్రీలకు ఎక్కువ కూలిగా అందుతుందా, కోత కూలి మొత్తాన్ని ఆడకూలి స్థాయికి దించుతుందా అన్నది మొక్కల అంతరం తేల్చదు. బేరం చేసే శక్తి ఎవరికుంది అన్నదే తేలుస్తుంది.

ఇలాంటి ప్రాజెక్టుల గురించిన కథనాల్లో వాక్యాలను గమనించండి. కంపెనీ శిక్షణ ఇచ్చింది, దిగుబడి పెంచింది, నీటిని ఆదా చేసింది, రైతు ఆదాయం మార్చింది. క్రియలన్నిటికీ కర్త కంపెనీయే. రైతు కర్మ స్థానంలో ఉంటాడు. స్త్రీ విశేషణంగా వస్తుంది: స్త్రీలతో సహా ఇన్ని వేలమంది రైతులు. మొక్కకు గుంత తీసిందెవరు, మొదటి రెండేళ్ళూ ఎండాకాలంలో కడవలతో నీళ్ళు మోసి మొక్కను బతికించిందెవరు అని అడిగే చోటు ఆ వాక్యంలో లేదు. మా జిల్లాలో మెట్ట తోపులెన్నో అలా కడవ నీళ్ళతో బతికినవే. వాటిలో కొన్ని ఉపాధి హామీ పథకం కింద తీసిన గుంతల్లో నాటినవి. ఆ పథకంలో మన రాష్ట్రంలో పనిచేసినవాళ్ళలో సగానికి పైగా స్త్రీలు.

రైతు అన్న మాటను కూడా ఒక్కసారి తడిమి చూడాలి. డ్రిప్పు రాయితీకైనా బ్యాంకు అప్పుకైనా అడిగేది పట్టాదారు పాసు పుస్తకమే. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని సాగు కమతాల్లో స్త్రీల చేతిలో ఉన్నవి 14 శాతం. తోపులో పొద్దస్తమానం పనిచేసే స్త్రీ కాగితం మీద రైతు భార్య. శిక్షణకు పిలుపు వచ్చేది ఆయనకు. సొమ్ము జమయ్యేది ఆయన ఖాతాలో. గొలుసును పచ్చగా చేసే ప్రతి మెట్టూ పాసు పుస్తకం అనే గుమ్మం దాటి రావలసిందే. ఆ గుమ్మం ఎవరు దాటగలరో ముందే తెలిసి కూడా, లోపలికి వచ్చినవాళ్ళను మాత్రమే లెక్కపెట్టి సుస్థిరత అని పేరు పెడుతున్నారు.

దేనితో పోల్చి ఆదా?

నీటి ఆదా అన్న మాటలో ఒక పోలిక దాగి ఉంది. కాలవ పారకంతో పోలిస్తే డ్రిప్పు ఆదాయే. కానీ మా జిల్లా మామిడిలో అధిక భాగం వర్షాధారం. మొదటి ఏళ్ళు గట్టెక్కిన చెట్టు వేళ్ళు లోతుకు దిగి వాన నీటితోనే కాస్తుంది. అలాంటి నేలలో ఎకరానికి 674 మొక్కల తోట వేస్తే, వాననే నమ్ముకున్న పంట బోరును నమ్ముకున్న పంట అవుతుంది. మొక్కకు వాడే నీరు తక్కువే కావచ్చు, అంతకు ముందు ఆ నేల బోరు నుంచి తీసుకున్నది సున్నా అయినప్పుడు ఆదా ఎక్కడిది? స్వర్ణముఖి, నీవా ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకగా కనిపించే సీమలో, వెయ్యి అడుగుల లోతుకు బోర్లు దిగిన సీమలో, ఈ ప్రశ్న చిన్నది కాదు. భూగర్భ జలాన్ని కాపాడటానికి 2002లో వాల్టా చట్టం తెచ్చుకున్నా బోర్ల పోటీ ఆగలేదు. బోరు ఎండితే అప్పు మగవాడి పేర ఉంటుంది. ట్యాంకరు కోసం బిందెల వరుసలో నిలబడేది మాత్రం ఆమె.

మరో సంగతి నివేదికల్లో నాకెక్కడా కనబడలేదు. పాత తోపులో చెట్ల మధ్య జాగా ఉండేది. చెట్లు చిన్నవిగా ఉన్నన్నాళ్ళూ ఆ జాగాలో చెనక్కాయ, కంది, ఉలవ, అలసంద పండేవి. చెనక్కాయ అమ్మకానికి పోయినా ఉలవలూ అలసందలూ ఇంటి గాదెలోకి వచ్చేవి. ఆ గింజల మీద పెత్తనం ఎక్కువగా ఇంటి ఆడవాళ్ళది. విత్తనం దాచేది వాళ్ళు, ఉలవచారు కాచేది వాళ్ళు, పొరుగింటికి సోలెడు బదులిచ్చేది వాళ్ళు. మూడు మీటర్ల వరుసల మధ్య అంతర పంటకు చోటు కరువు. ఎకరానికి మామిడి దిగుబడి పెరిగిందన్న లెక్క నిజమే అయినా, ఆ ఎకరంలో ఆమె చేతిలో ఉన్న పంట మాయమైందన్న లెక్క కూడా నిజమే. మొదటిది టన్నుల్లో ఉంటుంది గనక నివేదికలోకి ఎక్కుతుంది. రెండోది వంటింట్లో ఉంటుంది గనక ఎక్కదు.

నీటి లెక్కకు సరిహద్దు ఎక్కడ గీస్తారన్నది ఇక్కడ కీలకం. ఒక వస్తువు వెనక దాగిన నీటినంతా లెక్కగట్టే పద్ధతిని నెదర్లాండ్స్ శాస్త్రవేత్త ఆర్యెన్ హూక్‌స్ట్రా 2002లో ప్రతిపాదించాడు. కోకాకోలా, నేచర్ కన్సర్వెన్సీ కలిసి 2010లో ఆ పద్ధతిని తమ పానీయానికే వర్తింపజేసి చూశాయి. అర లీటరు సీసా వెనక సుమారు 35 లీటర్ల నీళ్ళు తేలాయి. ఫ్యాక్టరీలో వాడింది అందులో అత్యల్పం. మిగిలిందాంట్లో పెద్ద వంతు చక్కెర దుంప పండిన పొలానిది. అంటే నీళ్ళు ఎక్కడ ఖర్చవుతున్నాయో కంపెనీకి తెలుసు. తెలిసి కూడా నీటిని తిరిగి ఇచ్చే లక్ష్యాన్ని పానీయంలోనూ తయారీలోనూ వాడిన నీటికే కట్టింది, పొలం నీటిని ఆ లెక్క బయట ఉంచింది. గొప్ప చెప్పుకోవలసి వచ్చినప్పుడు గొలుసు తోపు దాకా సాగుతుంది. లెక్క అప్పజెప్పవలసి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ గేటు దగ్గరే తెగుతుంది.

నర్సాపురం నుంచి బెల్టు దాకా

ఇలాంటి తెగిన గొలుసును తెలుగు నేలమీదే చూసి సిద్ధాంతీకరించిన స్త్రీవాది మరియా మీస్. పశ్చిమ గోదావరి నర్సాపురం ప్రాంతంలో లేసు అల్లే స్త్రీల మీద ఆమె రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటి గడప దాటకుండా ప్రపంచ మార్కెట్టుకు సరుకు తయారుచేస్తున్న ఆ స్త్రీలను సమాజం కార్మికులుగా చూడలేదు. ఖాళీ సమయంలో అల్లుకునే గృహిణులుగానే చూసింది. ఆ పేరు పెట్టడం వల్లే కూలి అంత తక్కువగా ఉంచగలిగారని మీస్ వాదించింది. 2023లో ఆమె మరణించినప్పుడు మన పత్రికలు ఆమెను తగినంతగా తలుచుకోలేదని నాకనిపిస్తుంది. ఆమె ప్రశ్న ఇవాళ మామిడి గుజ్జు దగ్గర అలాగే నిలబడి ఉంది. నర్సాపురంలో గృహిణి అన్న మాట చేసిన పనిని ఇక్కడ సీజన్ అన్న మాట చేస్తోంది. రెండు మూడు నెలల పని కదా, శాశ్వత కార్మికులు కారు కదా అంటే చాలు, లెక్కల పుస్తకంలో వాళ్ళకు పేజీ అక్కరలేదు.

గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడి కుళ్ళిన కాయ ఏరేసి, తొడిమ దగ్గర కత్తి పెట్టేది చాలావరకు స్త్రీలే. మా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వ్యాన్లలో వెళ్ళే వాళ్ళలో కొందరితో మాట్లాడాను. ఒకామె అరచేతులు చూపించింది. సొన తగిలి తోలు లేచిపోయింది. "కంపెనీ వోళ్ళు వస్తారంటే ఆ పొద్దు గ్లౌజులిస్తారు మేడం" అని నవ్వింది. ఆ ఒక్క వాక్యంలో తనిఖీ అనే ప్రక్రియ మీద పూర్తి విమర్శ ఉంది. తనిఖీకి వచ్చేవాళ్ళు కాయ మీద మందుల అవశేషం చూస్తారు, వ్యర్థ జలాల శుద్ధి చూస్తారు. అవి చూడాల్సినవే. కాయలో సగానికి దగ్గరగా తొక్కా టెంకే పోతుంది. దాన్ని వాగు గట్టున కుమ్మరిస్తే ఊరంతా కంపు, నీళ్ళన్నీ పులుపు. కొనేవాళ్ళు పట్టుబట్టిన చోట ఇలాంటివి మారతాయి. కాయ మాగేయడానికి కార్బైడు వాడకూడదన్న చట్టం ఎప్పటినుంచో ఉన్నా, దాన్ని గట్టిగా పట్టించగలిగేది పెద్ద కొనుగోలుదారుల షరతే. మరి అదే పట్టుదల ఆమె అరచేతి విషయంలో ఎందుకుండదు? కాయ మీద చర్మానికి ప్రమాణం ఉన్నప్పుడు చేతి మీద చర్మానికి ఎందుకు లేదు?

స్త్రీలను కంపెనీలు అసలు పట్టించుకోలేదని కాదు. 2020 నాటికి తన వ్యాపార గొలుసులో 50 లక్షల మంది స్త్రీలకు ఆర్థిక సాధికారత కల్పిస్తానని కోకాకోలా 2010లో ప్రకటించింది. గడువు నాటికి ఆ సంఖ్య 60 లక్షలు దాటిందని చెప్పింది. 2015లో శ్రీసిటీలో పెప్సీకో పెద్ద పానీయాల ఫ్యాక్టరీని ప్రారంభించినప్పుడు ఆ సంస్థ అధిపతి ఇంద్రా నూయి వచ్చింది. చెన్నైలో పెరిగిన ఆడపిల్ల ప్రపంచ కంపెనీ అధిపతిగా మా జిల్లాకు రావడం చూసి మేమూ సంబరపడ్డాం. ఆ సంబరం అబద్ధం కాదు. కానీ గొలుసు పై కొసన ఒక స్త్రీ, కింది కొసన వేల మంది స్త్రీలు ఉన్నప్పుడు మధ్యలో ఏం మారిందన్నదే స్త్రీవాదం అడగవలసిన ప్రశ్న. 60 లక్షల్లో ఒకరుగా లెక్కకు వచ్చిన స్త్రీ ఆ లెక్కను తాను ఒప్పుకుంటున్నదో లేదో చెప్పే వీలుందా? సాధికారత పొందింది అన్న క్రియకు ఆమె సంతకం అక్కర్లేదా?

నివేదికలో లేని పదం: ధర

2025 వేసవి ఈ కథనాలన్నిటికీ పరీక్ష పెట్టింది. అంతకు ముందు ఏడాది కిలో 20 రూపాయలు దాటిన తోతాపురిని ఆ జూన్‌లో కొనే దిక్కు లేకపోయింది. పాత గుజ్జు నిల్వలు అమ్ముడుపోక మిగిలి ఉన్నాయని, ఎగుమతులు తగ్గాయని ఫ్యాక్టరీలు చెప్పాయి. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలివ్వాలని, తాను మరో 4 రూపాయలు కలుపుతానని రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. కర్ణాటక కాయ రాకుండా జిల్లా సరిహద్దులు మూశారు. దాని మీద రెండు రాష్ట్రాల మధ్య లేఖలు నడిచాయి. ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోజుల తరబడి బారులు తీరాయి. ఎండకు కాయ మెత్తబడి కారింది. కొందరు రోడ్డు మీద పారబోశారు. ప్రకటించిన 8 రూపాయలు ఫ్యాక్టరీల నుంచి పూర్తిగా అందలేదని సీజన్ ముగిశాక కూడా రైతులు ఆందోళన చేశారు.

మా చిన్నమ్మకు పూతలపట్టు వైపు మూడెకరాల తోపుంది. లెక్క ఎంత వచ్చిందని అడిగితే, "కోత కూలి, ట్రాక్టరు బాడుగ పోంగా ఏం మిగిలిందో నువ్వే రాసుకో పాపా, నాకు రాసే పని లేకపాయె" అంది. తోపు కొట్టేసి మరేదైనా వేద్దామని ఇంట్లో మగవాళ్ళు అంటున్నారు. ఆమె ఒప్పుకోవడం లేదు. ఆ చెట్లకు కడవలతో నీళ్ళు పోసింది ఆమె.

చెట్టును నరికించేది చీడా కాదు, అనావృష్టీ కాదు, ధర. ఒక ప్రాంతంలో తోపులు నిలుస్తాయా పోతాయా అన్నదానికన్నా పెద్ద పర్యావరణ ప్రశ్న ఏముంటుంది? అయినా నేను చదివిన నివేదికల్లో నీటికి లక్ష్యం ఉంది, కర్బన వాయువులకు లక్ష్యం ఉంది, ప్లాస్టిక్కుకు లక్ష్యం ఉంది, కాయకు ఇవ్వవలసిన కనీస ధరకు లక్ష్యం లేదు. గొలుసులో షరతులు పైనుంచి కిందికి సాఫీగా దిగుతాయి. డబ్బు ఆ దారిన దిగదు. నష్టం వచ్చినప్పుడు అది కిందికే దిగుతుంది, చివరికి ఇంటి ఖర్చు తగ్గించుకునే ఆడమనిషి దగ్గర ఆగుతుంది. ఎరువు మానేస్తారు, కత్తిరింపు మానేస్తారు, కూలికి పోతారు, బంగారం కుదువబెడతారు. మంగళసూత్రం గొలుసు బ్యాంకుకు చేరినప్పుడే సరఫరా గొలుసు పూర్తవుతుందని మా వైపు ఎవరూ జోకుగా కూడా అనరు, అది రోజూ చూసేదే గనక.

చట్టాలు ఈ ఖాళీని పూడుస్తాయని కొంత ఆశ కలిగింది. తమ సరఫరా గొలుసులో మానవ హక్కులకూ పర్యావరణానికీ జరిగే హానికి పెద్ద కంపెనీలు బాధ్యత వహించాలని యూరోపియన్ యూనియన్ 2024లో చట్టం చేసింది. 2025లోనే దాని గడువు వాయిదా వేసి, పరిధి కుదించే పని మొదలుపెట్టింది. మన దేశంలో పెద్ద 1000 లిస్టెడ్ కంపెనీలు సుస్థిరత నివేదిక ఇవ్వాలని సెబీ 2022-23 నుంచి నిబంధన పెట్టింది. సరఫరా గొలుసు వివరాల దగ్గరికి వచ్చేసరికి 2025లో దాన్ని ఐచ్ఛికం చేసింది. గొలుసు తెగే చోటు చట్టంలోనూ అదే.

మన సాహిత్యం వంతు

కంపెనీల రాతల్ని మాత్రమే నిందించి ఊరుకుంటే విమర్శ సగమే అవుతుంది. మన రాతల సంగతేమిటి? మా ప్రాంత కథకు పెద్ద దిక్కు మధురాంతకం రాజారాం. 1993లో సాహిత్య అకాడమీ పురస్కారం అందుకున్న ఆయన ఉపాధ్యాయుడుగా, కథకుడుగా బతికిన ఊరు దామలచెరువు. ఆ ఊరు ఇవాళ పేరున్న మామిడి మార్కెట్టు. ఆయన చూపిన చిన్న రైతుల, బడిపంతుళ్ళ ప్రపంచం మీద గుజ్జు వ్యాపారం వచ్చి కూర్చుంది. ఆ మార్పును అంతే ఓపికగా నమోదు చేసిన కథలు నాకు పెద్దగా తారసపడలేదు. రాయలసీమ కథ కరువును రాసింది, బోరును రాసింది, చెనక్కాయను రాసింది, ముఠా కక్షల్ని రాసింది. బెల్టు పక్కన నిలబడ్డ స్త్రీని ఇంకా రాయవలసి ఉంది.

ప్రపంచీకరణ మీద 1990ల నుంచి వెల్లువలా వచ్చిన కవిత్వం కూడా ఒక చిక్కు తెచ్చింది. అందులో కంపెనీ ముఖం లేని రాక్షసుడు, పల్లె చెరచబడిన తల్లి. కోపం న్యాయమైనదే. కానీ పల్లెను తల్లిగా చేసిన కవిత్వమూ, తలమీద గంపతో నవ్వే స్త్రీని ముఖచిత్రంగా చేసిన నివేదికా ఒకే పని చేస్తున్నాయి. రెంటిలోనూ ఆమె ప్రతీక. రెంటిలోనూ ఆమెకు కూలి రేటు ఉండదు, పాసు పుస్తకం గొడవ ఉండదు, అరచేతిలో సొన పుండు ఉండదు. ఒకరు ఆమెను చూపి ఏడుస్తారు, మరొకరు ఆమెను చూపి నవ్వుతారు. ఆమెను అడిగేవాళ్ళు తక్కువ.

దారి మా దగ్గరే ఉంది. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు 'మా అమ్మ చెప్పిన కతలు' అని తన పుస్తకానికి పేరు పెట్టినప్పుడు ఆ పేరులోనే చెప్పడం అనే క్రియకు కర్త అమ్మ. తిరుపతి పక్క పల్లె మాట, ఆడవాళ్ళ నోటి మాట, అచ్చుకు తగదనుకున్న మాట సాహిత్యమైంది. సుస్థిరత గురించి కూడా అలాంటి రచన మనకు కావాలి. తోపులో, ర్యాంపులో, బెల్టు దగ్గర, ట్యాంకరు వరుసలో ఉన్న స్త్రీలు తాము చూసిన నీళ్ళనూ నేలనూ కూలినీ తమ మాటల్లో చెప్పిన రచన. విశ్వవిద్యాలయాల్లో తెలుగు శాఖలు జానపద గేయాల్ని సేకరించినంత శ్రద్ధగా ఈ మాటల్ని సేకరించవచ్చు. తిరుపతిలో 1983 నుంచి మహిళా విశ్వవిద్యాలయమే ఉంది. ఈ పనికి ఇంతకన్నా తగిన చోటు ఎక్కడ?

కంపెనీలను అడగవలసినవి కూడా స్పష్టంగానే ఉన్నాయి. నీటి లెక్క తోపులో మొదలవ్వాలి. వర్షాధార తోపును బోరు తోటగా మార్చినప్పుడు దాన్ని ఆదా అని రాయకూడదు. సీజన్ కార్మికులు ఎంతమందో, వాళ్ళలో స్త్రీలెందరో, వాళ్ళకిచ్చిన కూలి ఎంతో విడిగా రాయాలి. భూమి పట్టా లేని స్త్రీ సాగుదారును కూడా రైతుగా గుర్తించి శిక్షణకూ చెల్లింపుకూ పిలవాలి. కాయకు ఇచ్చిన సగటు ధర నీటి లక్ష్యం పక్కనే అచ్చవ్వాలి. చివరిగా, నేను చూసిన నివేదికలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నాయి. చిత్తూరు నేల గురించి రాసింది చిత్తూరు మనుషులకు తెలుగులో అందాలి. తన గురించి రాసిన వాక్యాన్ని ఆమె చదివి, ఇది తప్పు, ఇలా జరగలేదు అని కొట్టేసి తిరిగి రాసే వీలుండాలి. అప్పుడు ఆ వాక్యంలో కర్త మారుతుంది. అంతవరకు ఆ నివేదికలను మనం కథలుగానే చదవాలి, నమ్మదగని కథకుడు చెప్పిన కథలుగా.